పేరు చెప్పని పరిశీలకుడి ధర్మం

ఒక మనిషి ఏళ్ల తరబడి శ్రమించి చేసిన పనిని, మన పేరు అతనికి తెలియకుండా, మంచిదని గానీ చెడ్డదని గానీ నిర్ణయించవచ్చునా? నిర్ణయించవచ్చునని ఒప్పుకుంటే, ఆ నిర్ణయం న్యాయంగా ఉండేటట్లు చూసేవారెవరు? ఎవరూ చూడని చోట మనిషి న్యాయంగా ఉండడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నలు పాతవే. అయితే నేటి విద్యాలోకంలో ఇవి ప్రతిరోజూ వేల మంది ఎదుట నిలుస్తున్నాయి. పరిశోధన జర్నళ్లలో జరిగే పీర్ రివ్యూ అనే ఏర్పాటు వీటి మీదనే నిలబడి ఉంది. దాన్ని తెలుగులో తోటి పండితుల పరిశీలన అనవచ్చు.

బహ్రెయిన్‌లో నివసించే మన తెలుగు కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. మనలో వైద్యులున్నారు, నర్సులున్నారు, ఇంజనీర్లున్నారు, అధ్యాపకులున్నారు. మన పిల్లలు ఇక్కడి బడులలో చదివి, పై చదువులకు భారతదేశానికో, బ్రిటన్‌కో, అమెరికాకో వెళ్తున్నారు. ఇంట్లో ఏదైనా మందు గురించో ఆహారం గురించో వాదన వస్తే, "అది పీర్ రివ్యూ అయిన పరిశోధన నాన్నా" అని పిల్లలే మనకు చెబుతున్నారు. ఆ మాట విన్న తరువాత పెద్దలు వాదన ఆపేస్తారు. కానీ ఆ ముద్ర వెనుక ఏమి జరుగుతుందో, ఎవరు వేస్తారో, దాని విలువ ఎంతో, అటు పిల్లలు గానీ ఇటు పెద్దలు గానీ తరచుగా ఆలోచించరు. అందుకే ఈ వ్యాసంలో ముందు ఆ పని ఎలా నడుస్తుందో చెప్పి, తరువాత అందులోని ధర్మాధర్మాలను విచారిద్దాం.

ఒక పరిశోధకురాలు తాను కనుగొన్న విషయాన్ని పత్రంగా రాసి ఒక జర్నల్‌కు పంపుతుంది. ముందుగా దానిని సంపాదకుడు చదువుతాడు. ఆ జర్నల్‌కు తగిన విషయం కాకపోయినా, పని మరీ బలహీనంగా ఉన్నా, ఆయనే తిప్పి పంపుతాడు. పత్రాలలో చాలా వాటి ప్రయాణం ఇక్కడే ముగుస్తుంది. మిగిలిన పత్రానికి సంపాదకుడు, అదే రంగంలో పనిచేసే ఇద్దరినో ముగ్గురినో వెతికి, చదివి అభిప్రాయం చెప్పమని అడుగుతాడు. వీరే పరిశీలకులు. వీరికి సాధారణంగా జీతం ఉండదు. తమ సొంత ఉద్యోగం, తమ సొంత పరిశోధన, తమ ఇంటి పనులు అన్నీ చూసుకుని, మిగిలిన సమయంలో ఈ పత్రాన్ని చదవాలి. లెక్కలు సరిగా ఉన్నాయా, ప్రయోగం తగిన విధంగా జరిగిందా, చెప్పిన ముగింపు చూపిన ఆధారాలకు మించి పోయిందా, ఇదివరకు ఇతరులు చెప్పిన దానిని వదిలేశారా అని ఒక్కొక్కటీ చూసి, నివేదిక రాసి సంపాదకుడికి పంపాలి.

సంపాదకుడు ఆ నివేదికలను ముందు పెట్టుకుని నాలుగింటిలో ఒక నిర్ణయం చేస్తాడు. ఉన్నదున్నట్లు అంగీకరించడం మొదటిది. ఇది చాలా అరుదు. చిన్న సవరణలు కోరడం రెండవది. పెద్ద సవరణలు కోరి మళ్లీ పరిశీలనకు పంపడం మూడవది. తిరస్కరించడం నాలుగవది. సవరణలు కోరినప్పుడు, పత్రం రాసినవారు ప్రతి ఆక్షేపణకూ విడివిడిగా జవాబు రాయాలి. ఒప్పుకున్నచోట ఏమి మార్చారో చూపాలి. ఒప్పుకోనిచోట ఎందుకు ఒప్పుకోరో కారణం చెప్పాలి. ఈ రాకపోకలకు కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలు పట్టవచ్చు, ఒక్కొక్కసారి సంవత్సరం దాటవచ్చు.

పేర్ల విషయంలో జర్నళ్ల పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. కొన్నింటిలో రాసినవారి పేరు పరిశీలకుడికి తెలుస్తుంది, పరిశీలకుడి పేరు రాసినవారికి తెలియదు. మరికొన్నింటిలో ఇరువురి పేర్లూ ఒకరికొకరికి తెలియవు. దీనిని డబుల్ బ్లైండ్ పద్ధతి అంటారు. ఇటీవలి కాలంలో కొన్ని జర్నళ్లు ఇరువురి పేర్లనూ బయటపెట్టి, నివేదికలను కూడా ప్రచురిస్తున్నాయి. ఏ పద్ధతిలోనైనా, చివరి నిర్ణయం సంపాదకుడిదే. పరిశీలకుడు సలహా ఇచ్చేవాడు మాత్రమే. అయినా ఒక యువ పరిశోధకుడి ఉద్యోగం, ఒక విద్యార్థిని పట్టా, ఒక రోగికి అందే చికిత్స, చాలాసార్లు ఆ సలహా మీద ఆధారపడి ఉంటాయి.

ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. బహ్రెయిన్‌లోనే 1979 నుండి బహ్రెయిన్ మెడికల్ బులెటిన్ అనే వైద్య జర్నల్ వెలువడుతూ ఉంది. ఇక్కడ అరేబియన్ గల్ఫ్ విశ్వవిద్యాలయమూ, బహ్రెయిన్ విశ్వవిద్యాలయమూ ఉన్నాయి. ఈ దేశపు వైద్యులు ఎంతో కాలంగా శ్రద్ధ పెట్టిన విషయాలలో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ఇది తల్లిదండ్రుల నుండి సంక్రమించే రక్తవ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకుని, తీవ్రమైన నొప్పిని కలిగిస్తాయి. బహ్రెయిన్‌లో ఈ వ్యాధి ఎక్కువ గనుక, పెళ్లికి ముందు వధూవరులు వైద్యపరీక్ష చేయించుకోవాలని 2004లో ఇక్కడ చట్టం చేశారు. మన ఆదిలాబాద్, విశాఖ మన్యం ప్రాంతాల గిరిజన కుటుంబాలలోనూ ఈ వ్యాధి ఉంది. దాని నిర్మూలన కోసం భారత ప్రభుత్వం 2023లో ఒక జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది.

ఇటువంటి వ్యాధి గురించి ఒక పత్రం పరిశీలనకు వచ్చిందనుకుందాం. ఫలానా మందు వాడితే నొప్పి తగ్గుతుందని అందులో రాసి ఉంది. పరిశీలకుడు అడగవలసిన ప్రశ్నలు చాలా మామూలుగా కనిపిస్తాయి. ఎంత మంది రోగులను చూశారు? మందు తీసుకోని వారితో పోల్చారా? మధ్యలో మానేసిన వారిని లెక్కలో ఉంచారా, తీసేశారా? మందు తయారుచేసే సంస్థ నుండి పరిశోధకులకు డబ్బు ముట్టిందా? ఈ నాలుగింటిలో ఒక్కటి అడగడం మరచిపోయినా, పనికిరాని మందు ఒక తల్లి చేతికి చేరవచ్చు. ఆ తల్లికి పరిశీలకుడి పేరు ఎప్పటికీ తెలియదు. పరిశీలకుడికి ఆ తల్లి ముఖం ఎప్పటికీ తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ రాత్రి అతడు ఎంత శ్రద్ధగా చదివాడన్నది మాత్రమే.

ఈ పద్ధతి అనాదిగా ఉన్నదని చాలామంది భావిస్తారు గానీ అది అంత పాతది కాదు. హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే విజ్ఞాన పత్రికను మొదలుపెట్టినప్పుడు, ఏది అచ్చు వేయాలో నిర్ణయించడం ప్రధానంగా ఆయన పనే. పత్రాల మీద లిఖిత నివేదికలు తెప్పించుకోవడం రాయల్ సొసైటీలో 1832 ప్రాంతంలో అలవాటైంది. ఆ తొలి నివేదిక కథ వినదగినది. జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడి పత్రాన్ని చదవమని విలియం వీవెల్, జాన్ లబ్బక్ అనే ఇద్దరికి ఇచ్చారు. ఆ పత్రంలోని గొప్పతనాన్ని లోకానికి చాటాలని వీవెల్ ఉద్దేశం. అందులోని లోపాలను సరిదిద్దించాలని లబ్బక్ పట్టుదల. ఇద్దరికీ పొత్తు కుదరలేదు. పరిశీలకుడు గుణాలు చూడాలా, దోషాలు చూడాలా అన్న తగవు, చూడండి, ఈ పద్ధతితో పాటే పుట్టింది. ప్రఖ్యాతమైన నేచర్ పత్రిక ప్రతి పత్రాన్నీ బయటి పరిశీలకులకు పంపడం నియమంగా పెట్టుకున్నది 1973లోనే.

మన తెలుగువారి చరిత్రలో పండితుల పరీక్ష మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడ ముసుగు లేదు. సభ నిండుగా ఉంటుంది, రాజు కొలువుదీరి ఉంటాడు, ఇద్దరు పండితులు ముఖాముఖి నిలబడతారు. పదిహేనవ శతాబ్దంలో శ్రీనాథుడు విజయనగరంలో ప్రౌఢదేవరాయల ఆస్థానానికి వెళ్లి, గౌడ డిండిమ భట్టును వాదంలో ఓడించి, ఆయన కంచు ఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం పొందాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కథలో ధైర్యం ఉంది, ప్రతిభ ఉంది. పరీక్షించినవాడు ఎవరో, ఏ కారణంతో గెలిచాడో అందరికీ తెలుస్తుంది. కాని అందులో ఒకరు గెలిస్తే మరొకరు ఓడక తప్పదు. ఢక్క పగిలినవాడి పాండిత్యానికి ఆ సభ వల్ల ఏమి మేలు జరిగిందో కథ చెప్పదు.

దానికంటే మూడు నాలుగు వందల ఏళ్లు ముందటి మరొక ఉదాహరణ మనకు ఉంది. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోరిక మీద నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నప్పుడు, ఆయనకు నారాయణభట్టు తోడుగా నిలిచాడు. నారాయణభట్టు నన్నయతో కలిసి చదువుకున్నవాడు, ఆయనతో సమానమైన పండితుడు. భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడైనట్లు తనకు ఆయన తోడయ్యాడని నన్నయ తన గ్రంథంలోనే కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. పక్కన ఉండి పనిని చూసి, అది బాగా పూర్తి కావడానికి సాయపడినవాడు ఈ నారాయణభట్టు. పీర్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం సమానుడని. తెలుగులో తోటివాడు అన్న మాటలో ఆ సమానత్వంతో పాటు తోడు అన్న భావం కూడా వినిపిస్తుంది. పరిశీలకుడు ఈ రెండు కథలలో దేనిని ఆదర్శంగా పెట్టుకుంటాడన్నదానిపై అతని నివేదిక స్వభావం ఆధారపడి ఉంటుంది.

అయితే తోడుగా ఉండేవాడికి ముసుగు ఎందుకు అన్న ప్రశ్న మిగిలే ఉంది. దీనికి 1936లో జరిగిన ఒక సంఘటన మంచి జవాబు చెబుతుంది. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ కలిసి గురుత్వాకర్షణ తరంగాల గురించి ఒక పత్రం రాసి అమెరికాలోని ఫిజికల్ రివ్యూ అనే జర్నల్‌కు పంపారు. అటువంటి తరంగాలు ఉండవన్నది అందులోని ముగింపు. సంపాదకుడు జాన్ టేట్ ఆ పత్రాన్ని ఒక పరిశీలకుడికి పంపాడు. పరిశీలకుడు పది పుటల నివేదికలో, ఆ వాదంలో పొరపాటు ఉన్నదని వివరించాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. ప్రచురించమని పంపాము గాని, అచ్చుకాకముందే ఇతరులకు చూపించమని మేము అనుమతి ఇవ్వలేదన్న అర్థంలో జవాబు రాసి, పత్రాన్ని వెనక్కు తీసుకున్నాడు.

తరువాత జరిగింది మరింత ఆసక్తికరం. ఆ పరిశీలకుడు ప్రిన్స్‌టన్‌లోనే ఉన్న హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్. ఐన్‌స్టీన్‌కు సహాయకుడిగా కొత్తగా చేరిన లియోపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో ఆయన స్నేహంగా మాట్లాడుతూ, తాను ఆ నివేదిక రాసినవాడినని చెప్పకుండానే, పొరపాటు ఎక్కడుందో వివరించాడు. ఇన్‌ఫెల్డ్ ద్వారా ఆ సంగతి ఐన్‌స్టీన్‌కు చేరింది. 1937లో వేరొక జర్నల్‌లో ఆ పత్రం అచ్చయ్యేటప్పటికి ముగింపు మారిపోయింది. పరిశీలకుడు రాబర్ట్‌సనేనని లోకానికి స్పష్టంగా తెలిసింది 2005లో, ఆయన మరణించి నాలుగు దశాబ్దాలు దాటిన తరువాత. గురుత్వాకర్షణ తరంగాలను శాస్త్రజ్ఞులు 2015లో పరికరాలతో పట్టుకోగలిగారు.

ఈ కథలో ముసుగు రెండు పనులు చేసింది. ప్రపంచమంతా కొలిచే మనిషికి నీవు పొరబడ్డావని చెప్పే ధైర్యాన్ని ఇచ్చింది. ఇది బలహీనుడికి బలవంతుడి ఎదుట దొరికిన రక్షణ. పేరు చెప్పి రాయవలసి వస్తే, రేపు ఉద్యోగం ఇవ్వవలసిన పెద్దమనిషి పత్రంలో తప్పు చూపించగల యువకులు ఎందరుంటారు? రెండవ పని ఇంకా లోతైనది. రాబర్ట్‌సన్‌కు కీర్తి మీద ఆశ ఉంటే, ఐన్‌స్టీన్ తప్పును పట్టుకున్నది నేనేనని చాటుకునేవాడు. ఆయన ఆ మాట ఎత్తకుండా, తప్పు సరిదిద్దుకోవడానికి దారి మాత్రం చూపించాడు. పేరు దాచుకోవడం ఆయనకు సత్యాన్ని కాపాడే సాధనమైంది.

ముసుగుకు మరొక ముఖమూ ఉంది. దానిని దాచడం న్యాయం కాదు. పేరు తెలియదన్న ధీమాతో తోటివారిని చులకన చేసే పరిశీలకులు ఉన్నారు. చదవకుండానే తిరస్కరించమని రాసేవారున్నారు. తమ పత్రాలను ఉదాహరించలేదన్న అలకతో అడ్డుపడేవారున్నారు. పోటీదారుడి పని బయటికి రాకుండా నెలల తరబడి కాలయాపన చేసేవారున్నారు. రాసినవారి పేరు, ఊరు, దేశం చూసి, చదవకముందే ఒక అభిప్రాయానికి వచ్చేవారున్నారు. డబుల్ బ్లైండ్ పద్ధతి పుట్టడానికి ఈ చివరి దోషమే ముఖ్య కారణం. చిన్న దేశం నుండి, చిన్న విశ్వవిద్యాలయం నుండి వచ్చిన పత్రానికి దానివల్ల కొంత సమానమైన చూపు దక్కుతుంది.

చిరునామాను బట్టి పనిని తూచడం ఎంత పొరపాటో చెప్పడానికి మన వాడైన సి. ఆర్. రావు గారి జీవితం చాలు. ఆయన 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక పత్రం ప్రచురించారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు ఏదో ఆ పత్రం చూపింది. అది ఐరోపాలోనో అమెరికాలోనో పేరుమోసిన జర్నల్ కాదు. దాదాపు అదే కాలంలో స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ కూడా స్వతంత్రంగా ఆ ఫలితానికి చేరుకున్నాడు. ఈనాడు ప్రపంచమంతటా విద్యార్థులు దానిని క్రామర్-రావు హద్దు అని చదువుతున్నారు. 2023లో, నూరేళ్లు దాటిన వయసులో, ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ పురస్కారం లభించింది. సంఖ్య అనే జర్నల్‌కు సంపాదకుడిగా ఇతరుల పత్రాలను తూచే పని కూడా ఆయన చాలాకాలం చేశారు.

ఇక, పరిశీలనే జరగకుండా జరిగిందని చెప్పుకోవడం అన్నిటికంటే పెద్ద దోషం. దీనికి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నందుకు మనం చింతించాలి. హైదరాబాదు కేంద్రంగా వందలాది జర్నళ్లు నడిపిన ఓమిక్స్ అనే సంస్థ మీద అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. తమ జర్నళ్లలో కట్టుదిట్టమైన పీర్ రివ్యూ ఉన్నదని తప్పుగా చెప్పుకోవడం, ఒప్పుకోని ప్రముఖులను సంపాదకులుగా చూపడం, ప్రచురణ రుసుమును ముందుగా స్పష్టంగా చెప్పకపోవడం అన్నవి ఆరోపణలు. 2019లో అమెరికా న్యాయస్థానం కమిషన్ పక్షాన తీర్పు ఇచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. ఉద్యోగంలో పైమెట్టుకు ఇన్ని పత్రాలు కావాలని లెక్క పెట్టే చోట, డబ్బు తీసుకుని ముద్ర వేసే దుకాణాలు పుట్టడం ఆశ్చర్యం కాదు. భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ బెడదను అరికట్టడానికే 2018లో నమ్మదగిన జర్నళ్ల జాబితా తయారుచేసే ఏర్పాటు చేసింది.

ముద్ర విలువ ఏమిటో బహ్రెయిన్ గడ్డ మీద నిలబడి ఆలోచించడం తేలిక. 1932లో ఇక్కడ చమురు దొరకక ముందు ఈ దీవి బతుకంతా ముత్యాల మీద నడిచింది. ముహర్రఖ్‌లోని ముత్యాల బాటను మనం సెలవు రోజులలో పిల్లలకు చూపిస్తున్నాం. యునెస్కో దానిని 2012లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆనాటి వ్యాపారులు రకరకాల రంధ్రాలున్న ఇత్తడి జల్లెడలతో ముత్యాలను పరిమాణం ప్రకారం వేరుచేసి, వన్నె, గుండ్రదనం, బరువు చూసి విలువ కట్టేవారు. గల్ఫ్ ముత్యాలు బొంబాయి మీదుగా మన దేశమంతటికీ చేరేవి. హైదరాబాదు వారు బస్రా ముత్యాలని మక్కువగా పిలిచినవి ఈ సముద్రపువే. తరువాత జపాన్ నుండి పెంపకపు ముత్యాలు వచ్చాయి. పైకి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అందుకే బహ్రెయిన్ పెంపకపు ముత్యాల వ్యాపారాన్ని నిషేధించింది. ఈనాడు దానత్ అనే సంస్థ, 2017లో స్థాపించినది, ముత్యాలను యంత్రాలతో లోపలికంటా పరీక్షించి ధ్రువపత్రం ఇస్తున్నది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. పెంపకపు ముత్యం అబద్ధపు ముత్యం కాదు. దానికీ అందం ఉంది, వెల ఉంది. దానిని సముద్రంలో సహజంగా పుట్టినదని చెప్పి అమ్మినప్పుడే అది మోసమవుతుంది. అలాగే పరిశీలన జరగని పరిశోధన అంతా చెడ్డది కాదు. 1991 నుండి భౌతిక, గణిత శాస్త్రజ్ఞులు తమ పత్రాలను పరిశీలనకు ముందే ఆర్కైవ్ అనే చోట అందరికీ అందుబాటులో పెడుతున్నారు. ఇది ఇంకా పరీక్షకు నిలవలేదని చెప్పి పెడుతున్నారు గనుక అందులో దోషం లేదు. పరీక్ష జరగనిదానికి పరీక్ష జరిగిందన్న ముద్ర వేయడమే అధర్మం. ఎందుకంటే అప్పుడు మోసపోయేది ఒక్క కొనుగోలుదారుడు కాదు. నిజాయితీగా పరీక్షించిన ప్రతి పరిశీలకుడి శ్రమ మీదా అనుమానం పడుతుంది.

నిజాయితీగా వేసిన ముద్ర కూడా సత్యానికి హామీ కాదని మనం తెలుసుకోవాలి. 1998లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య జర్నల్, 12 మంది పిల్లల వివరాలతో, ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునన్న పత్రాన్ని ప్రచురించింది. తరువాత జరిగిన పెద్ద అధ్యయనాలలో అటువంటి సంబంధమేదీ కనబడలేదు. పత్రంలోని వివరాలు నిజాయితీగా లేవని తేలి, 2010లో లాన్సెట్ దానిని ఉపసంహరించుకుంది. ఆ పన్నెండేళ్లలో భయపడి టీకా మానిపించిన తల్లిదండ్రులు అనేక దేశాలలో ఉన్నారు. ఆ భయం నేటికీ పూర్తిగా పోలేదు. పరిశీలకుడు తన ముందు పెట్టిన పత్రాన్ని చదవగలడు గాని, ప్రయోగశాలలోకి వెళ్లి లెక్కపుస్తకాలు తిరగవేయలేడు. రాసినవాడు అబద్ధం చెప్పదలచుకుంటే, చాలాసార్లు మొదటి చదువులో దొరకడు. తరువాత వచ్చే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు దొరుకుతాడు. పీర్ రివ్యూ ఒక వాకిలి వంటిది. దాటి వచ్చినవారందరూ మంచివారని కాదు. ఎవరో ఒకరు వాకిట నిలబడి చూశారని మాత్రమే దాని అర్థం.

ఇంతవరకు చూసినదానిని బట్టి మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు వెతుకుదాం. పేరు చెప్పకుండా ఇతరుల పనిని తూచవచ్చునా? తూచవచ్చును, కొన్ని కట్టుబాట్లకు లోబడితే. మనకు తెలియని విషయమైతే, తెలియదని చెప్పి తప్పుకోవాలి. రాసినవారు మన మిత్రులో శత్రువులో అయితే, ఆ సంగతి సంపాదకుడికి ముందే చెప్పాలి. చదువుతానని ఒప్పుకున్నాక ఆలస్యం చేయకూడదు. అందులోని ఆలోచనను మన సొంతానికి వాడుకోకూడదు. దోషం చూపితే కారణం చెప్పాలి. వీలైతే సరిదిద్దే దారి చూపాలి. అన్నింటికంటే ముఖ్యంగా, రేపు మన పేరు బయటపడినా సిగ్గుపడనక్కరలేని మాటలే రాయాలి. రాబర్ట్‌సన్ నివేదిక దాదాపు డెబ్బై ఏళ్ల తరువాత బయటపడింది. అందులో ఆయన తరఫున ఎవరూ తలదించుకోవలసిన మాట లేదు.

న్యాయాన్ని కాపాడేవారెవరన్నది రెండవ ప్రశ్న. కొంత సంపాదకుడు కాపాడతాడు. ఇద్దరు ముగ్గురు పరిశీలకులను అడగడం అందుకే. కొంత రాసినవాడి జవాబు కాపాడుతుంది. మిగిలినదంతా పరిశీలకుడి మనస్సాక్షి మీదనే ఉంది. దీనిని లోపమని కొందరంటారు. మేము అలా అనుకోము. ఏ ఏర్పాటు చేసినా, ఎవరూ చూడని ఒక చిన్న చోటు అందులో మిగిలే ఉంటుంది. తూకం వేసేవాడి వేళ్లలో, మందు కలిపేవాడి చేతిలో, సమాధాన పత్రాలు దిద్దే గురువు ఎర్ర కలంలో ఆ చోటు ఉంటుంది. అక్కడ నియమాలు పనిచేయవు, పెంపకం పనిచేస్తుంది. అందుకే ఇది విశ్వవిద్యాలయాలకు మాత్రమే చెందిన విషయం కాదు, ఇళ్లకూ చెందినది.

ఇళ్లలో మనం చేయగలిగినవి రెండున్నాయి. పిల్లలు ఏదైనా పరిశోధన గురించి చెప్పినప్పుడు, దానిని ఎవరు చేశారు, ఎంత మంది మీద చేశారు, ఎక్కడ అచ్చయింది, మరెవరైనా మళ్లీ చేసి చూశారా అని వారితో కలిసి వెతకడం మొదటిది. పెద్దలు ఫోనులో పంపే ఆరోగ్య చిట్కాలకు కూడా పిల్లలు అవే ప్రశ్నలు వేయవచ్చు. అప్పుడు మనం నొచ్చుకోకూడదు.

రెండవది మనకు మరింత దగ్గరది. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడో, వీడియో కాల్‌లోనో, "తాతయ్య వచ్చింది" అని ఒక పాప అంటుంది. చుట్టూ ఉన్న నలుగురూ ఫక్కున నవ్వుతారు. అది ముద్దుగా నవ్వినదే కావచ్చు. ఆ పాపకు మాత్రం అది నిండు సభలో ఢక్క పగిలినట్లే. ఇలాంటివి నాలుగు జరిగితే, అయిదవసారి ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. అలా కాక ఒకరు దగ్గరకు తీసుకుని, "తాతయ్య వచ్చారు అనాలమ్మా, పెద్దవారు కదా" అని మెల్లగా చెబితే, ఆమె మాట దిద్దుకుని, తాను చెప్పదలచిన సంగతి పూర్తిగా చెబుతుంది. తప్పును చూపకుండా వదిలేసినా ఆమెకు మేలు జరగదు. రేపు పదిమందిలో అదే తప్పు పలుకుతుంది. తప్పు చూపాలి, కారణం చెప్పాలి, మాట్లాడే ఉత్సాహం మిగలనివ్వాలి.

మన పిల్లలలో కొందరు రేపు పరిశోధకులవుతారు. ఏదో ఒక రాత్రి, తమకు పరిచయం లేని ఎవరి పత్రమో వారి ముందుకు వస్తుంది. దానిని రాసినవారు ఏ దేశంలోనో నిద్రపట్టక ఎదురుచూస్తూ ఉంటారు. ఆ పత్రాన్ని ఎలా చదవాలో మన పిల్లలకు అప్పటికి తెలిసి ఉండాలంటే, వారి తెలుగును మనం ఈ రోజు ఎలా దిద్దుతున్నామో ఒకసారి చూసుకుందాం.